జీతం అదే, స్టాఫ్ అదే, హెడ్మాస్టర్లు ముగ్గురు: ఒక లంక హైస్కూలు కేస్ స్టడీ

2023 వేసవి బదిలీల్లో కోనసీమలో గోదారి పాయల మధ్య ఉన్న ఒక లంక ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకి హెచ్‌ఎంగా, అంటే హెడ్మాస్టర్‌గా వెళ్లాను. చేరిన రోజు సాయంత్రమే స్టాఫ్ మీటింగు పెట్టి, "మన బడికి ముందుగా ఏం కావాలో మీరే చెప్పండి" అని అడిగాను. పదకొండు మంది ఉన్నారు, ఒక్కరూ నోరు విప్పలేదు. చివరికి లెక్కల మాస్టారు, చాలా మర్యాదగానే, "ఏ రిజిస్టర్లో ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి మేడం, పెట్టేస్తామండి" అన్నారు. వెటకారంగా అని ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. ఆయన మనస్ఫూర్తిగా, కొత్తగా వచ్చిన నాకు సాయం చేద్దామనే అన్నారు. ఇరవై ఏళ్లు దాటిన సర్వీసు, పిల్లలకి లెక్కలంటే భయం పోగొట్టే మనిషని ఊళ్లో పేరు, అలాంటాయనకి హెడ్మాస్టర్ అంటే సంతకాలు పెట్టించుకునే వ్యక్తి అన్న అభిప్రాయం ఒక్కటే మిగిలింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే తయారైందే ఈ కేస్ స్టడీ. ఆ పదకొండు మందిలో ఏడుగురు 2017 నుంచి అక్కడే ఉన్నారు, అంటే వరసగా ముగ్గురు హెడ్మాస్టర్ల దగ్గర పనిచేశారు. ఇద్దరు నాకు ముందువాళ్లు, మూడోదాన్ని నేను. జీతం అదే, రేవు అదే, పిల్లలు కూడా ఆ నాలుగు వీధుల పిల్లలే, హెడ్మాస్టర్ కుర్చీలో మనిషే మారుతూ వచ్చారు. నేను అక్కడ ఉండగానే వాళ్లతో చాలాసార్లు మాట్లాడాను కానీ ఆ మాటలు ఇక్కడ వాడటం లేదు. ఇంక్రిమెంటు కాగితం మీద సంతకం పెట్టే మనిషి ముందు కూర్చుని ఎవరూ పూర్తి నిజం చెప్పరు, చెప్పాలని కోరుకోవడం కూడా తప్పు. 2025 వేసవిలో నేనూ బదిలీ అయ్యాను, ఎనిమిదేళ్లు నిండి ఆ ఏడుగురిలో ఎక్కువ మందీ బదిలీ అయ్యారు. ఎవరి కొత్త బడిలో వాళ్లు కుదురుకున్నాక ఆదివారాలు ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి, టీ తాగుతూ గంటా రెండు గంటలు కూర్చుని రాసుకున్నవే ఇక్కడ వాడాను. పేర్లు, ఊరి పేరు రాయడం లేదు.

గంట కొట్టే హెడ్మాస్టారు

మొదటాయన 2017 నుంచి 2021 జనవరి వరకు ఉన్నారు. ఆయన గురించి ఏడుగురూ ముందుగా చెప్పింది ఒకటే, నిజాయితీపరుడు. రూపాయి ముట్టలేదు, ఒక్క రోజు ఆలస్యంగా రాలేదు, తొమ్మిదికి అయిదు నిమిషాల ముందే గేటు దగ్గర అటెండెన్స్ రిజిస్టరు పట్టుకుని నిలబడేవారు. నాడు నేడు (సర్కారు బళ్లని బాగుచేసే పథకం) పనులప్పుడు సిమెంటు బస్తాలు కూడా స్వయంగా లెక్కపెట్టుకున్నారట. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, కఠినంగా ఉండే హెడ్మాస్టర్ అనగానే మనం ఒక దుర్మార్గుణ్ణి ఊహించుకుంటాం. ఆయన అలాంటి మనిషి కాదు.

తెలుగు టీచర్ గారు రామచంద్రపురం వైపు నుంచి వచ్చేవారు. కోటిపల్లి రేవులో పంటు (మనుషుల్ని, బళ్లని దాటించే పెద్ద పడవ) ఎక్కి ముక్తేశ్వరంలో దిగి, అక్కడి నుంచి ఆటో. డిసెంబరు, జనవరి నెలల్లో గౌతమి మీద మంచు పట్టేస్తే పంటు కదలదు, అవతలి గట్టు కనపడే దాకా అందరూ ఆగాల్సిందే. 2018 డిసెంబరులో అలా ఒక రోజు ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. హెడ్మాస్టారు ఎర్ర ఇంకుతో హాఫ్ సీఎల్ (సగం రోజు సెలవు) వేశారు. ఆయన లెక్కలో అది రూలే. కానీ ప్రేయర్ ఇంకా అయిపోలేదు, పిల్లలంతా వరసల్లో నిలబడి ఉన్నారు, వాళ్ల ముందే "గోదారి మీద మంచు ఉంటుందని మీకు ఇప్పుడే తెలిసిందా?" అని అడిగారు. ఏడేళ్ల తర్వాత ఆవిడ నాకు ఆ మాట చెబుతున్నప్పుడు కూడా గొంతు మారిపోయింది.

అప్పటి వరకు ఆవిడ నాలుగు గంటలయ్యాక మరో నలభై నిమిషాలు కూర్చుని, ఎనిమిదో తరగతిలో చదవడం రాని పదిమంది పిల్లల చేత పాఠాలు చదివించేవారు. ఎవరూ చెప్పి చేయించింది కాదు. ఆ రోజుతో అది ఆగిపోయింది. "తొమ్మిదంటే తొమ్మిదే అన్నారు కదండీ, అయితే నాలుగంటే నాలుగే అనుకున్నాను" అన్నారావిడ. కోపంగా తీసుకున్న నిర్ణయం కాదట, ఎప్పుడు మానేశానో కూడా సరిగా గుర్తులేదన్నారు. నాలుగింటికి బ్యాగు సర్దుకోవడం అలవాటైపోయింది, అంతే. లెక్క చూస్తే బడికి కలిసొచ్చింది ఇరవై నిమిషాలు, పోయింది రోజూ నలభై నిమిషాలు, అదీ బడిలో అందరికంటే వెనకబడిన పదిమంది పిల్లలది.

ఇలాంటివి ఏడుగురి దగ్గరా ఉన్నాయి. క్లాసు మధ్యలో లోపలికొచ్చి పిల్లల ముందే లెసన్ ప్లాన్ అడగడం, ఎఫ్ఏ (బడిలో మధ్యమధ్య పెట్టే చిన్న పరీక్షలు) మార్కులు తగ్గిన సబ్జెక్టు టీచర్ని స్టాఫ్ అందరి ముందూ లేపి నిలబెట్టడం, చిన్నదానికీ పెద్దదానికీ సంజాయిషీ రాయించుకోవడం. పదో తరగతి ఫలితాలు బాగానే ఉండేవి, ఆ మాట దాచను. అయితే ఆయన మీటింగుకని అమలాపురం బస్సెక్కిన రోజున బడి ఎలా ఉండేదో సైన్స్ టీచర్ గారు చెప్పారు: "ఆయ్, ఆ రోజు మాకు పండగండి. పాఠం చెప్పకూడదని కాదు, ఊపిరి పీల్చుకోవడానికే సరిపోయేది."

1939లో కర్ట్ లెవిన్, లిపిట్, వైట్ అనే ముగ్గురు అమెరికాలో పదేళ్లు పదకొండేళ్ల మగపిల్లల బృందాల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక రకం బృందాల్లో పెద్దమనిషి అన్నీ తనే ఆజ్ఞాపిస్తాడు, మరో రకంలో పిల్లలతో కలిసి నిర్ణయిస్తాడు, మూడో రకంలో అసలు పట్టించుకోడు. ఆజ్ఞాపించే మనిషి గదిలో ఉన్నంతసేపు పని బాగా జరిగింది, ఆయన బయటికి వెళ్లగానే పడిపోయింది. కలిసి నిర్ణయించుకున్న బృందాల్లో మాత్రం పెద్దమనిషి లేకపోయినా పని సాగింది. బీఈడీలో ఈ ప్రయోగం చదివి పరీక్ష రాశాను కానీ, అమలాపురం బస్సు కబురు విన్నాకే దాని అర్థం నాకు తెలిసింది.

ఎవరినీ ఏమీ అనని మనిషి

రెండో ఆయన 2021 నుంచి 2023 దాకా. "దేవుడిలాంటి మనిషండి" అని అందరూ అన్నారు, అన్నాక ఒక్క క్షణం ఆగారు. ఆ ఆగడం నాకు ముఖ్యమనిపించింది.

ఆయన ఎవరినీ మందలించలేదు. సెలవు అడిగితే ఇచ్చేవారు, అడక్కుండా మానేసినా ఏమీ అనేవారు కాదు. మొదటి ఆరు నెలలు స్టాఫ్‌కి ప్రాణం లేచొచ్చినట్టుందట. నేను కూడా అక్కడికి వెళ్లేటప్పుడు, దెబ్బ కొట్టింది మొదటాయనే, రెండో ఆయన కాలంలో కాస్త కోలుకుని ఉంటారు అనుకున్నాను. నా అంచనా తప్పు. ఏడుగురిలో అయిదుగురు, తమకి పని మీద ఆసక్తి పూర్తిగా చచ్చిపోయింది ఈ రెండో కాలంలోనే అన్నారు. నేను చాలాకాలం ఆలోచించింది దీని గురించే.

జరిగింది ఇది. ఒక మాస్టారికి రొయ్యల చెరువు ఉంది. సంతకం పెట్టేవారు, ఏరేటర్లు ఆగిపోయాయనో మేత వేయించాలనో ఫోను రాగానే చెరువు గట్టుకి వెళ్లిపోయేవారు. ఆయన క్లాసు ఖాళీగా ఉంటుంది, పిల్లలు అల్లరి చేస్తారు, హెడ్మాస్టారు వరండాలోకి వచ్చి చూసి లీజర్‌లో (క్లాసు లేని ఖాళీ పీరియడ్‌లో) ఎవరున్నారో వాళ్లని పంపుతారు. ఎవరిని? అడిగితే కాదనని వాళ్లని. అంటే సైన్స్ టీచర్ గారిని, తెలుగు టీచర్ గారిని. పని చేసేవాడికే పని అని మన స్టాఫ్ రూముల్లో అంటుంటాం కదా, అది అక్కడ రెండేళ్ల పాటు అక్షరాలా నడిచింది. సైన్స్ టీచర్ గారు వారంలో తన లీజర్లన్నీ ఇలాగే పోగొట్టుకున్నారు. ప్రయోగం చేయించాలంటే ముందు రోజు సీసాలు కడిగి, సామాను సర్ది పెట్టుకోవాలి, ఆ లీజర్ లేకపోతే ల్యాబ్ లేదు. 2021 దసరా తర్వాత ఆవిడ ల్యాబ్‌కి తాళం వేసి, తాళం చెవి హెడ్మాస్టర్ గది బీరువాలో పెట్టేశారు. ఎందుకని ఆయన అడగలేదు. "అడిగి ఉంటే తీసేదాన్నండి" అన్నారావిడ. "తిట్టి ఉన్నా తీసేదాన్నేమో. చేసినా ఒకటే, చేయకపోయినా ఒకటే అని తెలిశాక చెయ్యి ఎలా ఆడుతుందండీ?"

2022 ఆగస్టులో ఫోన్లో ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చింది. దాని మీద రాష్ట్రమంతా టీచర్లు ఆందోళన పడ్డారు, లంకల్లో సిగ్నల్ బాధ వేరే. అప్పుడు ఒక హెడ్మాస్టర్ చేయగలిగిన పని, రేవు దాటి వచ్చేవాళ్ల ఇబ్బంది పైకి రాసి పంపడం. ఆయన రాయలేదు. అంతకు నెల ముందు, 2022 జులైలో, ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 2006 తర్వాత అక్కడ అంత వరద రావడం అదే. బడిలో కింది వరసలో ఉన్న పుస్తకాలు, రికార్డులు తడిసిపోయాయి. నీరు తీశాక స్టాఫ్‌లో ముగ్గురే వచ్చారు. మిగతావాళ్లు రాకూడదని కాదు, ఎవరూ ఫోను చేయలేదు, ఎవరు రావాలో తెలియలేదు.

ఇంకో చిన్న విషయం. హిందీ టీచర్ గారి అమ్మగారికి ఆపరేషన్ అయింది, మెడికల్ బిల్లు హెడ్మాస్టర్ టేబుల్ మీద నాలుగు నెలలు ఉంది. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, చూద్దాం చూద్దాం అంటూ అలా ఉండిపోయింది. హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త 1959లో చెప్పింది ఇదే: జీతం, బిల్లులు, సౌకర్యాలు సరిగా ఉన్నంత మాత్రాన మనిషికి పని మీద ఉత్సాహం పుట్టదు, అవి సరిగా లేకపోతే మాత్రం మనసు విరిగిపోతుంది, ఉత్సాహం పుట్టేది పనిలోంచి, ఆ పనికి దక్కే గుర్తింపులోంచి. సర్కారు బడిలో హెచ్‌ఎం చేతిలో జీతం పెంచే అధికారం లేదు, టీచర్ని ఎంచుకునే అధికారం లేదు, బదిలీ చేసే అధికారమూ లేదు. ఉన్నవల్లా వచ్చిన కాగితాన్ని కదిలించడం, చేసిన పనిని చూడటం. మొదటాయన కాగితాలు కదిలించేవారు కానీ పనిలో తప్పునే చూసేవారు. రెండో ఆయన ఆ రెండూ చేయలేదు.

నా తప్పు, తర్వాత జరిగింది

ఇక నా సంగతి. మొదటి మీటింగులో ఆ నిశ్శబ్దం చూశాక వీళ్లకి ప్రోత్సాహం కావాలి అనుకున్నాను. 2023 సెప్టెంబరు 5న గురుపూజోత్సవం నాడు, ఇకనుంచి ప్రతి నెలా ఒక ఉత్తమ ఉపాధ్యాయుణ్ణి ఎంచి ప్రేయర్‌లో శాలువా కప్పుతాం అని ప్రకటించాను. మొదటి శాలువా సైన్స్ టీచర్ గారికి, రెండోది లెక్కల మాస్టారికి. మూడో నెలకి స్టాఫ్ రూంలో టీ దగ్గర రెండు గుంపులు తయారయ్యాయి. పీఈటీ (ఆటల) మాస్టారు నాతో ముభావంగా ఉండటం మొదలుపెట్టారు, సోషల్ మాస్టారు నా ముందే "మాది సబ్జెక్టే కాదు కదండీ" అన్నారు. నేను ఎంచిన పద్ధతి ఏమిటో ఎవరికీ తెలియదు, నిజం చెప్పాలంటే నాకూ స్పష్టంగా తెలియదు. ఒక రోజు సైన్స్ టీచర్ గారు గదిలోకి వచ్చి, నెమ్మదిగా, "శాలువా వద్దు మేడం. నా లీజర్ నాకు ఇప్పించండి, చాలు" అన్నారు.

మూడు నెలల్లో నాకు ఎవరూ చెప్పని నిజం ఆ ఒక్క మాటలో చెప్పారు. ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వవేత్త 1971లోనే, ఇష్టంగా పజిల్స్ చేస్తున్నవాళ్లకి డబ్బు ఇవ్వడం మొదలుపెడితే, ఆ డబ్బు ఆగాక వాళ్ల ఇష్టం కూడా తగ్గుతుందని చూపించారు. తర్వాత రయాన్ అనే ఇంకో మనస్తత్వవేత్తతో కలిసి ఆయన చెప్పినదాన్ని నా మాటల్లో చెబితే: నా పని నా చేతిలో ఉంది, ఇది నాకు వచ్చు, నా వాళ్లు నాకు ఉన్నారు, ఈ మూడూ అనిపిస్తేనే మనిషి లోపలి నుంచి పనిచేస్తాడు. నేను కప్పిన శాలువా ఆ మూడోదాన్నే చింపింది. డిసెంబరు నుంచి ఆపేశాను, ఎందుకు ఆపానో స్టాఫ్ మీటింగులో చెప్పాను. నేను పొరబడ్డాను అని హెడ్మాస్టర్ నోటి నుంచి వినడం ఆ బడిలో అదే మొదటిసారి అని తర్వాత తెలుగు టీచర్ గారు అన్నారు.

తర్వాత మూడు వారాలు నేను చేసింది లెక్క రాసుకోవడం ఒక్కటే. ఒక పాత రిజిస్టరు తీసుకుని, ఏ టీచరుకి ఏ పీరియడ్ ఎందుకు పోయిందో రోజూ రాశాను. అన్నం ఫోటో, గుడ్ల లెక్క, మరుగుదొడ్ల ఫోటో, ఎవరో అడిగిన వివరాలు అరగంటలో పంపమనే వాట్సాప్ మెసేజ్, నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితాలు), మళ్లీ అవే వివరాలు వేరే నమూనాలో. ఎన్నికలు, జనాభా లెక్కలు, విపత్తు సహాయం తప్ప చదువుకి సంబంధం లేని పనులకి టీచర్లని వాడకూడదని 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. ఇవన్నీ బడి పనులే కాబట్టి ఆ లెక్కలోకి రావు, కానీ పీరియడ్ పీరియడే, పోయిందంటే పోయినట్టే. మూడు వారాల తర్వాత ఆ రిజిస్టరు స్టాఫ్ రూం టేబుల్ మీద పెట్టి, "ఇందులో మీరే చేయాల్సినవి ఏవి?" అని అడిగాను. గంటన్నర మాట్లాడారు. మొదటి రోజు నిశ్శబ్దంగా ఉన్న మనుషులేనా అనిపించింది.

ఆ రోజు ఒప్పుకున్నవి పెద్దవేమీ కావు. ఉదయం మొదటి గంటలో యాప్‌ల పని నేను చేసేస్తాను (క్లర్కు పోస్టు ఖాళీ, ఇంకెవరూ లేరు). ప్రతి టీచరుకి రోజుకి ఒక లీజర్ ఎవరూ ముట్టుకోకూడదు. ఎవరైనా రాని రోజు ఖాళీ క్లాసుకి ముందు నేను వెళ్తాను, అప్పటికీ చాలకపోతేనే వేరేవాళ్లు, అదీ వంతుల వారీగా, ఆ వంతుల పట్టిక తెలుగు టీచర్ గారి చేతిరాతతో గోడ మీద ఉంటుంది. సీఎల్ అడిగితే కారణం అడగను. ఈ చివరిదానికి నేనే భయపడ్డాను, సెలవులు పెరిగిపోతాయని. ఏడాది చివర లెక్క చూసుకుంటే పెరగలేదు. ముందు రోజే చెప్పి పెట్టేవాళ్లు పెరిగారు, ఉదయం తొమ్మిదింటికి ఫోన్ చేసేవాళ్లు తగ్గారు. బడికి అది చాలు.

మధ్యాహ్న భోజనం దగ్గర మాత్రం టీచర్లు మేము ఉంటాం అన్నారు, నేను వద్దన్నా. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టినప్పుడు మా వంటమనుషులు చాలా సంబరపడ్డారు, లంకల గన్నవరంలో వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన ఆవిడ మా కోనసీమ మనిషి కదా. ఏ పని భారమో, ఏ పని తమదో టీచర్లే తేల్చుకుంటే ఇలా ఉంటుంది, పిల్లల కంచాల దగ్గర నిలబడటం వాళ్లకి భారంగా అనిపించలేదు.

బిల్లుల సంగతి కూడా చెప్పాలి. హిందీ టీచర్ గారి తర్వాతి మెడికల్ బిల్లు వారంలో పంపించాను. ఆవిడ థాంక్స్ చెప్పారు, అంతకుమించి ఏమీ మారలేదు, మారాల్సిన అవసరమూ లేదు. అది నా డ్యూటీ.

అసలు మలుపు నేను అనుకోని చోట వచ్చింది. రొయ్యల చెరువు మాస్టారితో విడిగా, తలుపు వేసుకుని రెండుసార్లు మాట్లాడాను. రెండుసార్లూ సరేనన్నారు, రెండు వారాల్లో మళ్లీ మొదటికొచ్చింది. 2024 జనవరిలో ఆయనకి మెమో ఇచ్చాను, చాలా భయపడుతూ ఇచ్చాను. నేను కూడా మొదటాయనలా మారిపోతున్నానా అని, స్టాఫ్ అంతా మళ్లీ ముడుచుకుపోతారేమో అని టెన్షన్. మెమో గురించి ఎవరికీ చెప్పలేదు, కానీ మూడో రోజుకి అందరికీ తెలిసింది, బడిలో ఏదీ దాగదు కదా. ఆ వారంలోనే సైన్స్ టీచర్ గారు వచ్చి బీరువాలో ల్యాబ్ తాళం చెవి అడిగి తీసుకున్నారు.

ఎందుకు అప్పుడే అడిగారు అని ఆవిడ ఇంట్లో కూర్చున్నప్పుడు అడిగాను. "మీరు అందరితో మంచిగా ఉంటారని అప్పటికే తెలుసండి. మంచిగా ఉండటం మాకు కొత్త కాదు, ముందాయన కూడా మంచివారే. చేసేవాళ్లకీ చేయనివాళ్లకీ తేడా ఉందని ఆ రోజు తెలిసింది." ఈ మొత్తం కేసులో నేను గట్టిగా నమ్మి చెప్పగలిగింది ఇదొక్కటే. హెచ్‌ఎం మెత్తనా కఠినమా అన్నది టీచర్లు రెండోదిగా చూస్తారు. నా పనికి ఈ బడిలో ఒక లెక్క ఉందా లేదా అన్నది ముందు చూస్తారు. మొదటాయన కాలంలో తప్పుకే లెక్క ఉంది, రెండో ఆయన కాలంలో దేనికీ లేదు. పుస్తకాల్లో బర్న్స్ 1978లో, బాస్ 1985లో చెప్పిన ఇచ్చిపుచ్చుకునే నాయకత్వం, మనుషుల్ని మార్చే నాయకత్వం అని రెండు విడివిడి గదులుగా చదువుకుంటాం. బడిలో అవి అలా విడిగా ఉండవు. పొద్దున్న తొమ్మిదింటికి మెమో టైపు చేసిన చేతితోనే పది గంటలకి ఎనిమిదో తరగతి ఇంగ్లిష్ చెప్పాను, మధ్యాహ్నం ఒకరి బిల్లు పంపాను.

కొబ్బరికాయల లెక్క

లెక్కల మాస్టారి దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఈ కేసు ఆయన మాటతోనే మొదలైంది. క్లాసులకి వెళ్లి కూర్చోవడం నేను 2024లో మొదలుపెట్టాను. ముందు రోజు చెప్పి వెళ్లేదాన్ని, చివరి బెంచీలో కూర్చునేదాన్ని, చేతిలో పెన్ను ఉండేది కాదు. అయిపోయాక బయట చెట్టు కింద ఒకే ప్రశ్న అడిగేదాన్ని: "ఈ రోజు పిల్లలు ఎక్కడ ఆగిపోయారనిపించింది?" మొదట్లో ఆయన సమాధానాలన్నీ సంజాయిషీల్లాగే ఉండేవి. సిలబస్ అయిపోయింది మేడం, నోట్సు దిద్దాను మేడం, ఇలా. నాలుగోసారో అయిదోసారో, కాసేపు ఊరుకుని, "తొమ్మిదిలో పద్దెనిమిది మందికి భాగహారం రాదండి. నేను మూడేళ్లుగా చూస్తున్నాను" అన్నారు. మూడేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. చెబితే ఒకాయన దగ్గర అది తన తప్పు అవుతుంది, ఇంకొకాయన దగ్గర ఏమీ అవదు.

ఏం చేద్దాం అని నేను అడగలేదు, ఆయనే వారం తర్వాత వచ్చారు. ఆ పిల్లల్లో సగం మంది నాన్నలు కొబ్బరి దింపుకీ ఒలుపుకీ వెళ్లేవాళ్లే. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయ ధర వెయ్యి కాయల లెక్కన చెబుతారు. ఇంట్లో ఇవాళ ఎన్ని కాయలు ఒలిచారు, వెయ్యికి కూలి ఎంత, చేతికి ఎంత వచ్చింది, ఇది ఆ పిల్లలు నోటితో ఠక్కున చెప్పేస్తారు. కాగితం మీద భాగహారం గుర్తు చూస్తే మాత్రం బిగుసుకుపోతారు. అందుకని ఆయన ఒక్కొక్కరి చేత ఒక కొబ్బరి నోట్సు పెట్టించారు. నాన్న చెప్పిన లెక్క రాయాలి, దాన్ని ఒక్క కాయకి తేవాలి, మళ్లీ 350 కాయలకి తేవాలి. సాయంత్రం నాలుగు తర్వాత అరగంట, వారానికి మూడు రోజులు. నేను చేసిందల్లా ఆ రోజుల్లో ఆయనకి ఏడో పీరియడ్ లీజర్ పడేలా టైమ్‌టేబుల్ మార్చడం, ఆ అరగంట గురించి ఏ రిజిస్టరూ పెట్టకపోవడం. రిపోర్టు రాయమని పైనుంచి ఎవరైనా అడిగితే నేను రాస్తాను అని చెప్పాను.

ఏడాది చివరికి పద్దెనిమిది మందిలో పదకొండు మందికి భాగహారం వచ్చింది. ఏడుగురికి రాలేదు, వాళ్లలో ఇద్దరు బడి మానేసి చెరువుల పనికి వెళ్లారు. ఆ ఇద్దరి గురించి ఆయన ఇప్పటికీ బాధపడతారు.

2024 జులైలో ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక వచ్చేసరికి మా లంక కాజ్‌వే (నది పాయ దాటే రోడ్డు) మీదికి నీరు వచ్చింది. బడికి సెలవు. నేను అమలాపురంలో ఉండిపోయాను, పడవ దొరకలేదు. ఆ సాయంత్రం పీఈటీ మాస్టారు ఫోన్ చేసి, ఊళ్లో ఉన్న ముగ్గురం కలిసి కింది అలమరాల్లో ఉన్న రికార్డులు, ల్యాబ్ సామాను మేడ మీదికి ఎక్కించేశాం మేడం, మీరేం కంగారు పడకండి అన్నారు. శాలువాల కాలంలో నాతో మాట్లాడటం మానేసిన మనిషాయన. నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు ఈ కేసు చెప్పలేనివి కూడా చెప్పాలి. సోషల్ మాస్టారు మారలేదు. తొమ్మిదికి వచ్చేవారు, నాలుగుకి వెళ్లేవారు, పాఠం చెప్పేవారు, అంతకుమించి ఏమీ లేదు. ఆయన ఇంట్లో కూర్చున్నప్పుడు, "నేను పదిహేనేళ్లు ఒళ్లు దాచుకోకుండా చేశానండి, ఇక నాకు ఓపిక లేదు" అన్నారు, నేను ఇంకేమీ అడగలేదు. అలిసిపోయిన మనిషికి కూడా బడిలో చోటుండాలి, ఆయన తన పని ఎగ్గొట్టలేదు. పదో తరగతి ఫలితాలు ముగ్గురి కాలాల్లో ఎలా ఉన్నాయో ఇక్కడ పోల్చడం లేదు, మధ్యలో కోవిడ్ వచ్చింది, పేపర్ల సంఖ్యే మారింది, పోలిస్తే అబద్ధమే అవుతుంది. బడి లోపల పిల్లల చదువుని మార్చేవాటిలో క్లాసులో జరిగే బోధన తర్వాతి స్థానం నాయకత్వానిదే అని బడి నాయకత్వం మీద పరిశోధన చేసిన లీత్‌వుడ్ బృందం రాసింది, ఆ ప్రభావం కూడా ఎక్కువగా టీచర్ల ద్వారానే వెళ్తుందన్నారు. నా పదకొండు మంది పిల్లలు దానికి రుజువు కాదు. ఈ కథ చెబుతున్నది మూడో హెడ్మాస్టర్ కాబట్టి, నా మీద నాకున్న పక్షపాతం ఎంత తీసేసినా కొంత మిగిలే ఉంటుంది. మొదటి ఇద్దరినీ కూడా కలిసి వాళ్ల మాట విని ఉంటే బాగుండేది. మొదటాయనకి ఫోన్ చేశాను, "ఆ రోజుల్లో నా మీద ఎంత ఒత్తిడి ఉండేదో మీకు తెలుసు కదమ్మా" అన్నారు. తెలుసు. ఆయన మీద పడిన ఒత్తిడిని ఆయన యథాతథంగా కిందికి దింపేశారు, రెండో ఆయన దాన్ని టేబుల్ మీద వదిలేశారు. నేను దాన్లో కొంత నా దగ్గర ఆపగలిగాను, అన్ని రోజులూ ఆపలేకపోయాను. 2025 ఫిబ్రవరిలో పదో తరగతి స్పెషల్ క్లాసుల సమయంలో నేనూ ఇద్దరి మీద అరిచాను, ఒకరికి సారీ చెప్పాను, రెండోవారికి చెప్పడానికి అవకాశం రాకుండానే బదిలీలు వచ్చేశాయి.

సైన్స్ టీచర్ గారు ఇప్పుడు వేరే మండలంలో పెద్ద హైస్కూల్లో ఉన్నారు. మొన్న దీపావళి ముందు ఫోన్ చేశారు. చేరిన రోజున ల్యాబ్ చూపించమంటే తాళం వేసి ఉందట, తాళం చెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదట. వారం ఆగి, హెడ్మాస్టర్ గారి దగ్గరికి వెళ్లి, "తాళం పగలగొట్టించండి సార్, సామాను నేను కడుక్కుంటాను, రోజుకి ఒక్క లీజర్ మాత్రం ముట్టుకోకండి" అని అడిగారట. ఆయన కాసేపు ఆలోచించి, అటెండర్ని పిలిచి సుత్తి తెమ్మన్నారట.